సిస్టర్ ఆగమంటే ఆగాలి

మన ఐసీయూల్లో చెక్‌లిస్టులు లేవు కాబట్టే తప్పులు జరుగుతున్నాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చెక్‌లిస్టులు బోలెడున్నాయి. లామినేషన్ చేయించి గోడకు అంటించినవి, కేస్ షీట్‌లో కలిపి కుట్టినవి, ఫైళ్లలో నంబర్లు వేసి దాచినవి. నేను చూసిన చాలా యూనిట్లలో షిఫ్ట్ అయిపోయే ముందు ఒకచోట కూర్చుని ఆ ఫారాలన్నిటికీ వరసగా టిక్కులు పెట్టేసి సంతకం చేస్తారు, ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే పాత తేదీలవి కూడా నింపుతారు. సిస్టర్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. నేను ఐసీయూ స్టాఫ్ నర్సుగా చేరినదాన్నే, ఇప్పుడు అదే యూనిట్‌కి ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూస్తున్నాను, ఒక సిస్టర్ చేతిలో రాత్రిపూట ఎంత పని ఉంటుందో నాకు తెలుసు. నా బాధ వేరే. ఆ కాగితం ఎక్కడ పుట్టిందో అక్కడ కాగితంతో పాటు ఇంకొకటి కూడా నర్సుల చేతికి ఇచ్చారు. మనం కాగితం మాత్రం తెచ్చుకున్నాం.

అదేమిటో చెప్పాలంటే ముందు సెంట్రల్ లైన్ గురించి చెప్పాలి. ఐసీయూలో పనిచేయని వాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను.

మెడ దగ్గరో, భుజం ముందు ఎముక కిందో, తొడ మొదట్లోనో పెద్ద సిరలోకి పెట్టే సన్నటి పొడవాటి గొట్టం సెంట్రల్ లైన్. బీపీ పడిపోయిన మనిషికి నార్‌ఎడ్రినలిన్ లాంటి మందులు గంటల తరబడి చేతి సిరలో ఇస్తూ కూర్చోలేం, అక్కడి కండ చెడిపోతుంది, అందుకే సీరియస్‌గా ఉన్నవాళ్లకు ఈ లైన్ దాదాపు తప్పదు. మెడ దగ్గర వేస్తే దాని కొస గుండెకు ఆనుకున్నంత దగ్గరగా ఉంటుంది. అంటే ఆ గొట్టం వెంట ఒక్క క్రిమి లోపలికి పోయినా అది నేరుగా రక్తంలోకి చేరినట్టే. మామూలు క్రిములైతే ఏదో ఒక మందుకు లొంగుతాయి. మన ఐసీయూల్లో తిష్ఠ వేసుకున్న క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ లాంటివి చాలా మందులకు లొంగవు, కల్చర్ రిపోర్టులో ఒక్కో మందు పేరు పక్కన వరసగా ఆర్, ఆర్, ఆర్ (అంటే ఆ మందుకు లొంగదు) అని చూస్తుంటే గుండె జారిపోతుంది. నిమోనియాతో వచ్చిన మనిషి నిమోనియా తగ్గే దశలో లైన్ ఇన్ఫెక్షన్ తెచ్చుకుని పోతే బయట కూర్చున్న ఇంటివాళ్లకు ఆ సంగతి తెలియనే తెలియదు. "ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకిందమ్మా" అంటారు, జబ్బు ముదిరిందని వాళ్లు అనుకుంటారు. ఆ ఇన్ఫెక్షన్ మనిషితో ఇంటి నుంచి వచ్చింది కాదు, మేం ఇచ్చింది. ఈ మాట మా వృత్తిలో వాళ్లకు నచ్చదు, అయినా ఇది నిజం.

చాలాకాలం డాక్టర్లంతా దీన్ని తప్పనిసరి నష్టం కింద లెక్కేసుకున్నారు. ఇన్ని లైన్లు వేస్తున్నప్పుడు కొన్నింటికి పట్టుకోక మానదు అనుకున్నారు. అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పీటర్ ప్రొనోవోస్ట్ అనే ఐసీయూ డాక్టరు ఉండేవాడు, మత్తు వైద్యుడు కూడా. ఆయన 2001లో అందరికీ తెలిసిన ఐదు సంగతులు ఒక కాగితం మీద రాశాడు. చేతులు కడుక్కోవాలి. క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో చర్మం తుడవాలి. టోపీ, మాస్కు, స్టెరైల్ గౌను, గ్లవ్స్ వేసుకుని పేషెంటు ఒళ్లంతా కప్పే పెద్ద డ్రేప్, అంటే క్రిములు లేకుండా చేసిన గుడ్డ, పరవాలి. వీలైనంతవరకు తొడ దగ్గర లైన్ వేయకూడదు. అవసరం తీరిన రోజునే తీసేయాలి. వీటిలో కొత్త విషయం ఒక్కటీ లేదు, హౌస్ సర్జన్‌ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఆ కాగితాన్ని డాక్టర్ల చేతికివ్వక ముందు ఆయన నర్సులకు ఒక పని అప్పజెప్పాడు. ఒక నెలపాటు ఎవరినీ ఏమీ అనకుండా చూడండి, ఏ స్టెప్ ఎవరు వదిలేస్తున్నారో రాయండి అన్నాడు. మూడోవంతు కంటే ఎక్కువమంది పేషెంట్లకు ఏదో ఒక స్టెప్ వదిలేస్తున్నారని తేలింది. హాప్కిన్స్ లాంటి పేరున్న చోట, అన్నీ తెలిసిన డాక్టర్లే వదిలేస్తున్నారు. తెలియకపోవడం వల్ల జరిగే తప్పయితే క్లాసు పెట్టి చెప్పొచ్చు. ఇది తెలిసీ, తొందరలో, అలవాటుగా, ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుంటూ జరిగే తప్పు.

అప్పుడు ఆయన చేసిన రెండో పని గురించి మన వర్క్‌షాపుల్లో సగం సగం చెబుతారు. డాక్టరు స్టెప్ వదిలేస్తే ఆపే అధికారం నర్సులకు ఇప్పించాడు, ఆసుపత్రి యాజమాన్యం చేత ఒప్పించి మరీ. డాక్టరు వినకపోతే ఏ వేళప్పుడైనా నాకు కబురు చేయండి, మీ వెనక నేనున్నాను అని చెప్పాడు. నర్సులు భయపడ్డారు. డాక్టర్లు అందరి ముందూ నర్సు మమ్మల్ని ఆపడమేమిటని గొణిగారు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. మూడో పని ఇంకా చిన్నది. లైన్ వేయడానికి కావలసిన సామాను యూనిట్‌లో ఎనిమిది చోట్ల నుంచి ఏరుకొచ్చుకోవాల్సి వచ్చేది, దాన్నంతా ఒకే ట్రాలీలో పెట్టించాడు. ఎనిమిది చోట్ల తిరగాల్సి వస్తే ఎవరైనా ఏదో ఒకటి మానేస్తారు కదా మరి.

హాప్కిన్స్‌లో ఈ పని జరిగిన సర్జికల్ ఐసీయూలో 1998 మొదట్లో వెయ్యి లైన్ రోజులకు 11.3 ఇన్ఫెక్షన్లు ఉండేవి. లైన్ రోజులంటే పదిమంది పేషెంట్లకు పదేసి రోజులు లైన్ ఉంటే వంద లైన్ రోజులన్నమాట. 2002 చివరి మూడు నెలలకు అక్కడ ఒక్క ఇన్ఫెక్షన్ కూడా లేదు.

ఒక ఆసుపత్రిలో ఒక పట్టుదల గల డాక్టరు ఉంటే ఏదైనా జరుగుతుంది, అది పెద్ద విషయం కాదు అనుకునేవాళ్లకు మిచిగన్ చూపించాలి. 2003లో ఆ రాష్ట్రంలో కీస్టోన్ ప్రాజెక్టు పేరుతో ఇదే పని మొదలుపెట్టారు. పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రులు, డబ్బుకు కటకటలాడే డెట్రాయిట్ నగర ఆసుపత్రులు, చిన్న ఊళ్లవి, అన్నీ కలిపి వందకు పైగా ఐసీయూలు చేరాయి. 2006 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 103 ఐసీయూల లెక్కలు వచ్చాయి. మొదట్లో వెయ్యి లైన్ రోజులకు సగటున 7.7 ఉన్న రేటు ఏడాదిన్నర తిరిగేసరికి 1.4కి దిగింది. వరసలో సరిగ్గా మధ్యనున్న ఐసీయూ రేటు మూడు నెలలకే 2.7 నుంచి సున్నా అయింది. ఇంకా ముఖ్యమైనది ఏమిటంటే మూడేళ్ల తర్వాత చూసినా ఆ తగ్గుదల అలాగే నిలబడింది. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు ఊపుగా చేసి అది అయిపోగానే పాత దారి పట్టడం మనకు బాగా అలవాటు కాబట్టి ఈ మూడేళ్ల మాటే నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది.

అక్కడ కాగితం పంపి ఊరుకోలేదు. ప్రతి ఐసీయూకి ఒక డాక్టరు, ఒక నర్సు కలిసి బాధ్యత తీసుకున్నారు. ప్రతి యూనిట్‌కి ఆసుపత్రి పెద్ద అధికారి ఒకరిని జత చేశారు, ఆయన నెలకోసారైనా యూనిట్‌లోకి వచ్చి మీకేం అడ్డం వస్తోందని అడగాలి. అలా అడిగితేనే చాలా ఐసీయూల్లో క్లోర్‌హెక్సిడిన్ అసలు స్టోర్‌లోనే లేదని బయటపడింది. డబ్బు మంజూరు చేసే మనిషి చెవిలో పడింది కాబట్టి కొన్ని వారాల్లోనే వచ్చింది. యూనిట్ ఇన్ఫెక్షన్ రేటు ఎంతో ఆ యూనిట్ వాళ్లకే క్రమం తప్పకుండా చూపించేవాళ్లు. ఈ మూడూ లేకుండా కాగితాన్ని మాత్రమే పంపించి ఉంటే అది కూడా గోడ మీద లామినేషన్‌లో మిగిలేదని నా గట్టి నమ్మకం.

ఇంగ్లండ్ అనుభవం దీనికి సాయపడుతుంది. 2009 నుంచి 2011 దాకా మ్యాచింగ్ మిచిగన్ పేరుతో దేశమంతా ఇదే చేశారు. పెద్దల ఐసీయూల్లో రేటు 3.7 నుంచి 1.48కి తగ్గింది, బాగానే ఉంది, కానీ ఇంకా కార్యక్రమం మొదలుపెట్టని ఐసీయూల్లోనూ అదే సమయంలో తగ్గుతూ వచ్చింది. అంటే ఈ కార్యక్రమం వల్లే తగ్గిందని చెప్పడం కష్టమైంది. మేరీ డిక్సన్-వుడ్స్ అనే పరిశోధకురాలి బృందం యూనిట్లలో కూర్చుని గమనించి రాసింది చదివితే మన సంగతి చదువుతున్నట్టే ఉంటుంది. చాలాచోట్ల ఇది పైవాళ్లు నెత్తిన పెట్టిన ఇంకో పని అనుకున్నారు, లెక్కలు ఒక్కో యూనిట్ ఒక్కో రకంగా కట్టింది, నిజంగా తమ పని అనుకుని తీసుకున్న యూనిట్లు తక్కువ. నేను దీన్ని మిచిగన్ మీద అనుమానంగా తీసుకోను. ఏది పనిచేసిందో జాగ్రత్తగా చూసి తెచ్చుకోమనే హెచ్చరికగా తీసుకుంటాను.

ఇక మన సంగతి.

ఆర్టీసీ బస్సులో కండక్టర్ గంట కొడితే డ్రైవర్ ఆపుతాడు, నువ్వెవరు నన్ను ఆపడానికి అని అడగడు. ఐసీయూలో ఆ గంట సిస్టర్ చేతిలో లేదు. జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చదివి నిన్నగాక మొన్న చేరిన ఇరవై రెండేళ్ల అమ్మాయి, పాతికేళ్ల అనుభవం ఉన్న సర్జన్ గారితో "సార్, మీరు గౌను వేసుకోలేదు" అనాలి. ఆయన పేరు చూసే ఆ ఆసుపత్రికి పేషెంట్లు వస్తారు. ఆ అమ్మాయి ఉద్యోగం కాంట్రాక్టు మీద. ఆయనకు కోపం వస్తే మేనేజ్‌మెంట్ ఎవరి వైపు నిలబడుతుందో ఆ అమ్మాయికి ముందే తెలుసు. అలాంటప్పుడు మాట్లాడలేదేమిటమ్మా అని ట్రైనింగ్ క్లాసులో అడగడం అన్యాయం. ధైర్యంగా మాట్లాడండి అని సిస్టర్లకు చెప్పే స్లైడ్లు నేను చాలా చూశాను, సిస్టర్ చెబితే వినండి అని డాక్టర్లకు చెప్పే స్లైడు చాలా అరుదు.

మా యూనిట్‌లో ఇది కుదిరిందంటే దానికి మా హెడ్ సార్ కారణం, అది చెప్పాలి. ఆయన ముందు ఆర్డరు కాగితం మీద రాసి తన సంతకంతో ఇచ్చారు. లైన్ వేసేటప్పుడు ఒక సిస్టర్ వేరే పనేమీ పెట్టుకోకుండా చూస్తూ నిలబడాలి. స్టెప్ తప్పితే ఎవరైనా సరే ఒకే వాక్యం అనాలి, "సార్, స్టెప్ మిస్సయింది." అందరూ అదే వాక్యం అనడం వల్ల ఒక లాభం ఉంది, అది ఆ అమ్మాయి ఆ డాక్టరును అన్నట్టు ఉండదు, యూనిట్ అన్నట్టు ఉంటుంది. కళ్లముందే మనిషి ప్రాణం పోతున్న ఎమర్జెన్సీ అయితే ఆపనక్కర్లేదు, కానీ ఆ లైన్ శుభ్రంగా వేసింది కాదని రాసి 48 గంటల్లోపు తీసి కొత్తది వేయాలి.

మొదట్లో సిస్టర్లు ఆ వాక్యం అనేవాళ్లు కాదు. మాట్లాడకుండా డ్రేప్ ప్యాకెట్ తెచ్చి సార్ కళ్లకు కనబడేలా ట్రే పక్కన పెట్టి నిలబడేవాళ్లు. అదీ ఒక రకంగా తెలివే. తర్వాత ఒకరోజు ఒక సీనియర్ డాక్టరు గారు బాగా కేకలేశారు, ఆ సిస్టర్ ఏడుపు ఆపుకుంటూ నిలబడింది, విషయం తెలిసి మా హెడ్ సార్ రౌండ్స్ మధ్యలో వదిలేసి వచ్చి అందరి ముందూ "ఆ అమ్మాయి నేను చెప్పిన పని చేసింది, అడగాల్సిందేమన్నా ఉంటే నన్నడగండి" అన్నారు. గొడవ పెద్దదేమీ కాలేదు. కానీ ఆ వారం నుంచి ఆ వాక్యం వినబడటం మొదలైంది. యాభై ట్రైనింగులు చేయలేని పని అది.

సామాను సంగతి కూడా దీనంత ముఖ్యమే. రాత్రిపూట స్టోర్ తాళం వేసి ఉంటుంది, పెద్ద డ్రేప్‌కి ఇండెంట్ పెట్టాలి, ఇండెంట్ మీద సంతకం చేసేవాళ్లు పొద్దున వస్తారు, అందుకని డ్యూటీ డాక్టరు చిన్న హోల్ టవల్ వేసి పని కానిచ్చేస్తాడు, తొందరగా అవుతుందని తొడ దగ్గర వేస్తాడు. అతన్ని తిట్టి ఏం లాభం? మేం సీల్ వేసిన ట్రాలీ ఒకటి పెట్టాం, సీల్ తెగితే మళ్లీ నింపి సీల్ వేసేదాకా ఆ షిఫ్ట్ హ్యాండోవర్ కాదు. మొత్తం చికిత్సకు ఒకే రేటు కట్టే ప్యాకేజీ కేసుల్లో ఈ డ్రేప్‌లకు విడిగా డబ్బు రాదని అకౌంట్స్ వాళ్లు చాలారోజులు నసిగారు. ఒక్క లైన్ ఇన్ఫెక్షన్‌కి వాడే కోలిస్టిన్, మెరోపెనెమ్ లాంటి యాంటీబయాటిక్స్, అదనపు ఐసీయూ రోజుల ఖర్చు ఒక కాగితం మీద వేసి చూపిస్తే ఆ మాట మళ్లీ రాలేదు.

లైన్ వేయడం కంటే తీసేయడమే కష్టమని ఎవరూ చెప్పరు. మందులన్నీ నోటిద్వారా ఇవ్వొచ్చు, బీపీ నిలబడింది, అయినా మెడలో లైన్ అలాగే ఉంటుంది, రేపు అవసరం పడితే అనో, రక్తం తీయడానికి సులువనో. ప్రతి రోజూ రౌండ్స్‌లో "ఈ లైన్ ఈరోజు ఎందుకు?" అని గట్టిగా అడిగే మనిషి ఒకరుండాలి. హాప్కిన్స్‌లోనే ఇంకో సంగతి బయటపడింది. రౌండ్స్ అయ్యాక ఈ పేషెంటుకి ఈరోజు మనం ఏం సాధించాలని అడిగితే స్పష్టంగా చెప్పగలిగిన నర్సులు, జూనియర్ డాక్టర్లు నూటికి పదిమంది కూడా లేరట. ఆ రోజు లక్ష్యాలు ఒక పేజీ మీద రాయడం మొదలుపెట్టాక అది 95 శాతం దాటింది, ఐసీయూలో ఉండే సగటు రోజులు 2.2 నుంచి 1.1కి దిగాయి. 2003లో ప్రచురించారు దీన్ని. గంటసేపు ఇంగ్లిషులో రౌండ్స్ నడిచి, చివరికి సిస్టర్‌కి ఏం అర్థమైందో ఎవరూ అడగని మన యూనిట్లకు ఈ ఒక్క పేజీ ఎంత అవసరమో.

మందుల దగ్గరకొస్తే మాత్రం అధికారం ఒక్కటే చాలదు. అక్కడ తప్పు చేయడానికి దారే లేకుండా చేయాలి. పొటాషియం క్లోరైడ్ యాంప్యూల్ చూడండి, పది ఎంఎల్, చూడ్డానికి డిస్టిల్డ్ వాటర్ యాంప్యూల్‌లాగే ఉంటుంది, సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కిస్తే ప్రాణం నిలబెడుతుంది, నేరుగా సిరలోకి నెడితే గుండె ఆగిపోతుంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 1998లో విడుదల చేసిన మొట్టమొదటి హెచ్చరిక దీని మీదే. ఇంగ్లండ్‌లో పేషెంట్ భద్రత ఏజెన్సీ 2002లో ఇచ్చిన మొదటి హెచ్చరికా దీని మీదే. జాగ్రత్తగా ఉండండి అని పోస్టర్ వేయమని వాళ్లు చెప్పలేదు, వార్డు షెల్ఫుల్లోంచి దాన్ని తీసేయమన్నారు. మన దగ్గర ఇప్పటికీ ఎమర్జెన్సీ ట్రేలో డిస్టిల్డ్ వాటర్ పక్కనే అది కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. తాళం వేసిన వేరే డబ్బా, ఎర్ర లేబుల్, తీసేటప్పుడు ఇద్దరి సంతకం. ఇంతే కదా.

తప్పు జరిగాక మనం ఏం చేస్తామన్నది ఇంకో పెద్ద సంగతి. 2017 డిసెంబరులో అమెరికాలో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ ఆసుపత్రిలో రడాండా వాట్ అనే నర్సు, న్యూరో ఐసీయూలో ఉన్న 75 ఏళ్ల షార్లీన్ మర్ఫీకి స్కాన్ ముందు భయం తగ్గించే మందు ఇవ్వాలి. మందుల మెషిన్‌లో ఆ మందు పేరులోని మొదటి రెండక్షరాలు కొట్టింది, ఆ పేరుతో మందు కనబడకపోతే అడ్డుగా ఉన్న లాక్ దాటి వెతికింది, అవే అక్షరాలతో మొదలయ్యే వెక్యురోనియం తీసి ఇచ్చేసింది. అది కండరాలన్నిటినీ స్తంభింపజేసే మందు, వెంటిలేటర్ లేకుండా ఇస్తే మనిషి ఊపిరి పీల్చుకోలేక చనిపోతాడు. ఆవిడ చనిపోయారు. నర్సు తన తప్పు తనే చెప్పింది. ఆసుపత్రి ఆ మరణాన్ని నియంత్రణ సంస్థలకు చెప్పాల్సినట్టు చెప్పలేదు, ఎవరో పేరు చెప్పని మనిషి ఫిర్యాదుతో 2018లో బయటపడింది. 2022 మార్చిలో కోర్టు ఆ నర్సును నేరస్థురాలని తేల్చింది, మేలో మూడేళ్ల ప్రొబేషన్ వేసింది.

ఆ నర్సు తప్పు చిన్నదని నేననను. ఆ సీసా మూత మీదే అది స్తంభింపజేసే మందని రాసి ఉంటుంది, పొడి కలుపుకుని మరీ ఎక్కించాల్సి వచ్చింది, ఆగి చూడడానికి చాలా అవకాశాలు ఉన్నాయి. ఒక కుటుంబం తల్లిని పోగొట్టుకుంది. కానీ తప్పు ఒప్పుకున్న మనిషి బోనులో నిలబడి, చెప్పకుండా ఊరుకున్న సంస్థ బయట ఉండిపోతే రేపు ఇంకో నర్సు ఏం నేర్చుకుంటుంది? మన దగ్గర కోర్టు దాకా కూడా అక్కర్లేదు. ఇన్సిడెంట్ ఫారం నింపిన సిస్టర్‌కి మెమో, జీతంలో కోత. ఆ తర్వాత ఆ యూనిట్ నుంచి ఇన్సిడెంట్ ఫారాలే రావు, మీటింగులో "ఈ నెల తప్పులు సున్నా" అని చూపిస్తారు. ఆ సున్నా చూస్తే నాకు భయం.

అలసట గురించి, అలారాల గురించి తొందరగా చెప్పి ముందుకెళ్తాను. బోస్టన్‌లో ఐసీయూలో పనిచేసే జూనియర్ డాక్టర్లను ఇరవైనాలుగు గంటలు దాటే డ్యూటీలతోనూ, అవి లేకుండానూ పోల్చి చూశారు. పాత పద్ధతిలో తీవ్రమైన తప్పులు 36 శాతం ఎక్కువ, 2004లో వచ్చింది ఆ పరిశోధన. మన పీజీలు ముప్పై ఆరు గంటల డ్యూటీ చేసి కూడా కళ్లు తెరిచి ఉన్నామని గొప్పగా చెప్పుకోవాల్సి వస్తోంది. అలారాలైతే శాన్ ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ ఆసుపత్రిలో ఐదు ఐసీయూల్లో 31 రోజులు లెక్కపెడితే పాతిక లక్షలు దాటాయి, శబ్దం చేసేవి ఒక్కో బెడ్‌కి రోజుకు 187, గుండె లయ తప్పిందని మోగిన అలారాల్లో పరిశీలించిన వాటిలో దాదాపు తొంభై శాతం ఉత్తుత్తివే. అన్ని అరుపుల మధ్య నిజమైన అరుపు వినబడలేదని సిస్టర్‌ని అనేముందు ఆ మానిటర్ లిమిట్లు ఆ పేషెంటుకి తగ్గట్టు ఎవరైనా మార్చారా అని చూడాలి. వెంటిలేటర్ మీదున్న ప్రతి పేషెంటుకి ఒక నర్సు ఉండాలనేది నియమం, మన దగ్గర ఒక్కో నర్సుకి ముగ్గురు పేషెంట్లు, రాత్రి ఒక సిస్టర్ సెలవు పెడితే నలుగురు. ఇది మేనేజ్‌మెంట్ వాళ్లే సరిదిద్దాలి, ఏ చెక్‌లిస్టూ దీన్ని కప్పిపుచ్చలేదు.

ఇంతసేపూ సిస్టర్ల గురించి రాశాను. బయట కుర్చీల్లో, మెట్ల కింద దుప్పట్లు పరుచుకుని రోజుల తరబడి ఉండే ఇంటివాళ్ల గురించి రాయకపోతే సగమే చెప్పినట్టు.

జోసీ కింగ్ అనే పాప. ఏడాదిన్నర వయసు. 2001 జనవరిలో ఇంట్లో టబ్‌లో వేడినీళ్లకు ఒళ్లు కాలింది, అదే జాన్స్ హాప్కిన్స్‌లో చేర్చారు. కాలిన గాయాలు మానుతున్నాయి, ఐసీయూ నుంచి బయటకు మార్చారు, ఇంటికి పంపే మాటలు నడుస్తున్నాయి. అప్పుడు పాపకు విపరీతమైన దాహం పట్టుకుంది. స్నానం చేయిస్తుంటే తడిగుడ్డ లాక్కుని చప్పరించింది. తల్లి సోరెల్ కింగ్ పాప బాగాలేదని చెప్పింది, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. మత్తుమందు ఇవ్వొద్దని డాక్టరు నోటిమాటగా చెప్పాడు, తర్వాత ఒక నర్సు మెథడోన్ అనే మత్తుమందు సిరంజితో వచ్చింది, ఇవ్వొద్దన్నారు కదా అని తల్లి అడ్డుపడింది, ఆర్డర్లు మారాయని చెప్పి ఇచ్చేసింది. పాప గుండె ఆగింది. ఫిబ్రవరి 22న చనిపోయింది. ఒంట్లో నీరు పోయిన సంగతి అక్కడ అందరికంటే ముందు కనిపెట్టింది వైద్యం చదవని తల్లి.

ఆ తల్లిదండ్రులు నష్టపరిహారంలో కొంత డబ్బు తిరిగి అదే ఆసుపత్రికి పేషెంట్ భద్రత కోసం ఇచ్చారు. ప్రొనోవోస్ట్ వాళ్లతో కలిసి పనిచేశాడు. సోరెల్ కింగ్ మాటలు విన్నాక పిట్స్‌బర్గ్‌లో ఒక ఆసుపత్రి 2005లో కండిషన్ హెచ్ అని ఒకటి పెట్టింది, హెచ్ అంటే హెల్ప్. వార్డులో చెబితే వినడం లేదని అనిపిస్తే ఇంటివాళ్లే ఒక నంబర్‌కి ఫోన్ చేసి అత్యవసర బృందాన్ని పిలవొచ్చు. ఇంగ్లండ్‌లో మార్తా మిల్స్ అనే పదమూడేళ్ల అమ్మాయి 2021లో సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీయడంతో, చనిపోయింది, తల్లిదండ్రులు భయపడి చెబుతున్నా ఐసీయూకి మార్చడంలో ఆలస్యమైంది. ఆ అమ్మాయి తల్లి చేసిన పోరాటంతో మార్తాస్ రూల్ 2024 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో మొదలైంది. వేరే బృందం వచ్చి వెంటనే చూడాలని అడిగే హక్కు కుటుంబానికి ఉంటుంది.

మన దగ్గర అలాంటి నంబర్ లేదు. రోజుకు రెండుసార్లు, చెప్పులు విప్పి, అయిదు నిమిషాలు లోపలికి పంపిస్తారు, ప్రశ్న అడిగితే "డాక్టర్ గారు చెబుతారు" అంటారు, డాక్టర్ గారు వచ్చి "సీరియస్‌గానే ఉంది, చూస్తున్నాం" అంటారు. దూరం నుంచి వచ్చిన రైతు కుటుంబం ఇంతకంటే ఏమడుగుతుంది, ఎక్కువ అడిగితే లోపల మనిషిని సరిగ్గా చూడరేమోనన్న భయం కూడా ఉంటుంది. అందుకే ఆ భయం తీసే పని ఆసుపత్రే ముందుగా చేయాలి. మేం ఈ మధ్య విజిటింగ్ టైంలో తలుపు దగ్గర ఒక సిస్టర్‌ని నిలబెట్టి, వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడిగిస్తున్నాం. "అమ్మా, నిన్నటికీ ఇవాళ్టికీ మీ మనిషిలో ఏమన్నా తేడా కనబడిందా?" జవాబు కేస్ షీట్‌లో రాయాలి, డ్యూటీ డాక్టరు దాని కింద సంతకం పెట్టాలి. వాళ్లు చెప్పేవి చాలావరకు చిన్నవే. "మా ఆయన ఎప్పుడూ ఎడమ చేత్తో గోక్కుంటాడమ్మా, ఇవాళ ఆ చెయ్యి కదపడం లేదు" అని ఒకావిడ చెప్పింది. మత్తు మందు ఆపి చూసి, అప్పటికప్పుడు స్కాన్‌కి పంపించారు.

మీవాళ్లు ఎవరైనా ఐసీయూలో ఉంటే ఇవి అడగండి, మర్యాదగా, రోజూ అడగండి. మెడలో లైన్, యూరిన్ గొట్టం ఇవాళ కూడా అవసరమేనా? మంచం తలవైపు ఎత్తి ఉందా? పక్కకి తిప్పుతున్నారా, వీపు మీద పుండు ఏమైనా వస్తోందా? ఇంట్లో రోజూ వేసుకునే బీపీ, ఫిట్స్, థైరాయిడ్ మందులు ఇస్తున్నారా, ఆపారా, ఎందుకు ఆపారు? ఈ మందుల చీటీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, ఒంటికి పడని మందుల గురించి అడ్మిషన్ రోజు ఎవరూ అడగకపోతే మీరే చెప్పండి. మీ మనిషిని ముట్టుకోబోయే ముందు చేతులు రుద్దుకోమని లోపల మీకు చెబుతారు, అదే మాట మీరు కోటు వేసుకున్నవాళ్లకు కూడా చెప్పొచ్చు. విసుక్కుంటే ఆ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ సిస్టర్ పేరు అడిగి ఆవిడతో మాట్లాడండి. మా యూనిట్‌లో అయితే ఆ పేరు తలుపు పక్కన బోర్డు మీద, ప్రతి షిఫ్ట్‌కీ మార్చి, తెలుగులో రాసి ఉంటుంది.